ఖాళీ బండిలో బయటపడని జబ్బులు: షేర్ వ్యాన్ సమస్యలు, పరిష్కారాలు

షెడ్డుకి వెళ్లేటప్పుడు వ్యాన్‌లో డ్రైవర్ ఒక్కడే ఉంటాడు. బ్రేకు బాగానే పడుతుంది, స్టీరింగ్ బాగానే తిరుగుతుంది. మెకానిక్ ఓ రౌండు కొట్టి వచ్చి "ఏం లేదన్నా, బాగానే ఉంది" అని తాళం చేతిలో పెడతాడు. మర్నాడు పన్నెండు మంది ఎక్కగానే మళ్లీ అదే గోల. నేను ఇలా మూడుసార్లు తిరిగాక గానీ నాకు బుర్రకెక్కలేదు. పన్నెండు మందంటే దాదాపు 800 కిలోలు. ఆ బరువు లేకుండా బయటపడని జబ్బులు చాలా ఉన్నాయి.

కాబట్టి మెకానిక్‌కి చెప్పేటప్పుడు బండిలో ఎంతమంది ఉన్నారు, ఎంతసేపు నడిచాక వచ్చింది, ఎక్కుడులోనా దిగుడులోనా అన్నది కూడా చెప్పండి. బరువుతో చూడాల్సి వస్తే ఇసుక బస్తాలు వేసుకోండి. బ్రేకు మీద అనుమానం ఉన్న బండిలో మనుషుల్ని ఎక్కించి పరీక్ష చేయకూడదు.

బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి పోతోంది

మెత్తదనం అన్నిసార్లూ ఒకటి కాదు. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గట్టిపడుతోందంటే బ్రేక్ ఆయిల్ లైన్లో గాలి చేరి ఉండాలి, లేదా వెనక డ్రమ్ముల్లో లైనర్లు అరిగి ఖాళీ పెరిగి ఉండాలి. గాలి తీయించి, వెనక బ్రేకులు అడ్జస్ట్ చేయించాలి. గాలి ఎటునుంచి దూరిందో చూడకుండా బండి బయటికి తెస్తే వారంలో మళ్లీ అక్కడికే వెళ్లాలి.

తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతోందంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి, లేదా ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతోంది. డబ్బాలో మట్టం చూడండి, నాలుగు చక్రాల లోపలివైపు తడి ఉందేమో చూడండి. ఇందులో బేరం లేదు, ఆ ట్రిప్పు మానేయాలి.

మూడోది మోసకారి. పొద్దున గట్టిగానే ఉంటుంది, నిండు బండితో పొడుగాటి దిగుడు దిగుతుంటే మెత్తబడుతుంది, కింద ఓ అరగంట ఆగితే మళ్లీ మామూలే. బ్రేక్ ఆయిల్ పాతబడితే ఇలా జరుగుతుంది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 3 అనే రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. మనం ఎంత తొక్కినా ఆ బుడగలు నలుగుతాయే తప్ప ఒత్తిడి చక్రం దాకా వెళ్లదు. మట్టం నిండుగానే ఉంది కదా అని వదిలేయకుండా రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి. దిగుడులో బ్రేకు మీద కాలు ఆనించి కూర్చోవద్దు. చిన్న గేరులో దిగుతూ ఇంజన్‌తో పట్టి ఉంచండి. కాలిన వాసన వస్తే పక్కకి ఆపి బ్రేకుల్ని వాటంతట అవే చల్లారనివ్వాలి. నీళ్లు చల్లితే డ్రమ్ము బీటలువారవచ్చు.

పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి ఆగట్లేదు

మన కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ పోయి ఉండాలి, లేదా దానికి వెళ్లే వాక్యూమ్ గొట్టం చిట్లి ఉండాలి. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కండి. తర్వాత కాలు పెడల్ మీదే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజన్ ఆపేసే మహానుభావులు కొందరున్నారు. అలా చేస్తే బూస్టర్‌లో మిగిలిన బలం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, పవర్ స్టీరింగ్ కూడా బిగుసుకుంటుంది.

బ్రేకు వేస్తే ఒక పక్కకి లాగుతోంది

బ్రేకు వేయకపోయినా లాగుతుంటే ముందు టైర్ల గాలి, తర్వాత అలైన్‌మెంట్ చూడాలి. బ్రేకు వేసినప్పుడే లాగుతుంటే ఒక పక్క బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్ పట్టేసింది, లేదా ప్యాడ్ మీద ఆయిల్ పడింది. ఓ పది కిలోమీటర్లు నడిపి, ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. మిగతావాటి కంటే బాగా సెగ కొడుతున్నదే పట్టేసిన చక్రం.

లైటు డిమ్‌లోనే ఉంది, అయినా ఎదురొచ్చేవాళ్లు లైటు కొడుతున్నారు

వాళ్లని తిట్టుకోకముందు బండిని పక్కనుంచి ఓసారి చూడండి. వెనక కుంగి, ముక్కు పైకి లేచి ఉంటుంది. లైట్లు వాళ్ల కళ్లలోకి కొడుతున్నాయన్నమాట. దాంతోపాటు స్టీరింగ్ తేలిగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే ముందు చక్రాల మీద బరువు తగ్గింది. లైట్ల ఎత్తు మార్చే నాబ్ ఉంటే దించండి. సామాన్లు వెనకంతా కుక్కకుండా ముందుకి జరపండి. ఖాళీ బండి కూడా కుంగే ఉంటే కమాన్ పట్టీలు మెత్తబడ్డాయి, మార్చాలి.

చాలామంది ఇంకో పట్టీ ఎక్కువ వేయించి పని అయిపోయిందనుకుంటారు. బండి నిలబడినట్టు కనిపిస్తుంది గానీ బ్రేకులూ టైర్లూ యాక్సిలూ పాతవే కదా. ఆ పట్టీ వల్ల ఎక్కించగలిగే బరువు ఒక్క కిలో కూడా పెరగదు.

టైర్లు తొందరగా అరుగుతున్నాయి

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్. చేత్తో తడిమితే గుంటలు గుంటలుగా తగిలితే షాక్ అబ్జార్బర్లు. చాలా వ్యాన్లలో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద గాలి లెక్క రెండు రకాలుగా ఉంటుంది, ఖాళీ బండికి ఒకటి, నిండు బండికి ఒకటి. మనకి కావాల్సింది రెండోది. అదీ పొద్దున మొదటి ట్రిప్పుకి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. స్టెప్నీ సంగతి మర్చిపోవద్దు. చక్రం మార్చాక 50–100 కిలోమీటర్లకి నట్లు మళ్లీ బిగించాలి.

ఇంజన్ వేడెక్కుతోంది

ట్రాఫిక్‌లో మాత్రమే వేడి ఎక్కి, రోడ్డు దొరికాక తగ్గితే ఫ్యాను పనిచేయడం లేదు. పరుగులో, ఎక్కుడులో వేడెక్కితే రేడియేటర్ మూసుకుపోయింది, లేదా కూలెంట్ తగ్గింది, లేదా కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ పట్టేసింది. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, మొహం కాలుతుంది.

ఎక్కుడులో ఇంజన్ అరుస్తోంది, బండి కదలట్లేదు

క్లచ్ జారుతోంది. ఆగుతూ సాగే బండికి ఇది మామూలు జబ్బే. ప్లేటు మార్పించే ముందు పెడల్‌కి ఉండాల్సిన కాస్త ఖాళీ ఉందో లేదో చూడమనండి, కొన్నిసార్లు అంతటితో పోతుంది. ఎక్కుడులో మనుషుల కోసం ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌లో నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేకు వేయండి.

వెనక సీట్లవాళ్లకి తలనొప్పి, వికారం

కుదుపులకి అనుకుని వదిలేస్తాం. రోజూ వెనకవాళ్లకే వస్తుంటే సైలెన్సర్ చూడండి. బండి వెళ్తున్నప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గి, పొగ బండివైపే తిరుగుతుంది. వెనక తలుపు తెరిచి ఉన్నా, దాని రబ్బరు చిరిగినా ఆ పొగ లోపలికి వస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. వాసన రావట్లేదు కదా అనుకోవద్దు. ముందు అందరినీ దించి గాలి ఆడనివ్వండి, తర్వాత సైలెన్సర్ లీకు వెల్డింగ్ చేయించండి, రబ్బరు మార్పించండి.

మాటిమాటికీ సడన్ బ్రేకు పడుతోంది

ఇది బండి జబ్బు కాదు. కళ్లు రోడ్డు పక్కన మనుషుల కోసం వెతుకుతుంటాయి, చెయ్యి చిల్లర లెక్కపెడుతుంటుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను పక్కకి చూస్తే దాదాపు 17 మీటర్లు వెళ్లిపోతాం. డబ్బులు స్టాపులోనే తీసుకోండి. చివరి రెండు స్టాపులు ఎలా దాటామో గుర్తు రాకపోతే అది నిద్ర. కిటికీ తీసినా, పాటలు పెట్టినా ఆగదు. సురక్షితమైన చోట ఆపి పదిహేను ఇరవై నిమిషాలు పడుకోవాలి.

బాగుచేయించిన సమస్యే మళ్లీ వస్తోంది

ఒక బండిని ఇద్దరు ముగ్గురు నడిపే చోట ఇది ఎక్కువ. పగటి డ్రైవర్ గమనించింది రాత్రి డ్రైవర్‌కి తెలియదు. డ్యాష్‌బోర్డులో ఓ నోట్‌బుక్ పెట్టుకోండి. "బ్రేకు బాలేదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "సాయంత్రం ట్రిప్పు, పదకొండు మంది, దిగుడులో ఎడమ వెనక చక్రం దగ్గర వాసన" అని రాసి ఉంటే మెకానిక్ నేరుగా ఆ చక్రమే విప్పుతాడు.