చుట్టరికం నేర్చుకుందాం – 4వ పాఠం: అప్పుల కాగితం, దానికి ముందు నోటికి తాళం

మన సంఘాల వాళ్లు, అంటే చర్చివాళ్లు, పేద కుటుంబాలతో చుట్టరికం ఎలా కలుపుకోవాలో ఈ పాఠాల్లో చెబుతున్నాను. ఈసారి అప్పుల కాగితం, అంటే ఒక ఇంటి అప్పులన్నీ ఒకచోట వేసుకునే లెక్క, రాయడం నేర్పుతానని పోయిన పాఠం చివర మాటిచ్చాను. నేర్పుతాను. కానీ ఈ రెండు వారాల్లో వచ్చిన ఫోన్లు విన్నాక, ఆ గందరగోళం సర్దకుండా కొత్త పాఠం మొదలుపెట్టి లాభం లేదనిపించింది.

నేను చెప్పింది ఇది: ఆ ఇళ్లకు ఇద్దరే వెళ్లండి, ఉత్త చేతులతో వెళ్లండి, వాళ్లిచ్చిన టీ తాగి రండి. ఒక సంఘం నుంచి ఏడుగురు వెళ్లారు. పాతిక కిలోల బియ్యం బస్తా, గుమ్మంలో ఫోటో. ఇంకోచోట ఇద్దరే వెళ్లారు, టీ కూడా తాగారు. కానీ గ్లాసు కింద పెడుతూనే, అరుగు మీద పక్కింటావిడ కూర్చుని ఉండగా, "మొత్తం అప్పు ఎంత ఉందమ్మా?" అని అడిగేశారు. మూడోచోట అంతా సవ్యంగా నడిచింది, ఆదివారం దాకా.

బస్తా సంగతి మొదటి పాఠంలోనే చెప్పాను, మళ్లీ చెప్పను. ఫోటో తుడిచేయండి. ఆ మూడోదాన్ని మాత్రం వదలను.

ఆ ఇంటావిడ మిరపకాయల కోతకు వెళ్లే మనిషి. మూడు వారాలుగా ఇంటికి వస్తున్న మన సోదరిని నమ్మి, ఒక రాత్రి ఇంట్లో అప్పు సంగతి చెప్పుకుంది. మన సోదరి చెడ్డది కాదు. బాధపడింది, ఏడ్చింది. గురువారం గృహ ప్రార్థనలో "ఒక భారం ఉంది, ప్రార్థించండి" అని నలుగురికి చెప్పింది. శుక్రవారానికి అది వాట్సాప్‌లో దణ్ణాల బొమ్మలతో తిరిగింది. ఆదివారం ఒక పెద్దాయన మైకు పట్టుకుని, పేరు పెట్టి మరీ, "అప్పుల ఊబిలోంచి ఆ కుటుంబాన్ని విడిపించు తండ్రీ" అన్నాడు. గుడి బయట కొబ్బరిచెట్టుకు హారన్ కట్టి ఉంది. వడ్డీకి ఇచ్చినాయన ఇల్లు రెండు వీధుల అవతల. ఇంకా ఎవరెవరికి బాకీ ఉందో, తన డబ్బు మునిగిపోతుందో ఏమోనని సోమవారం పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఆ కుటుంబం మళ్లీ గుడి మెట్లెక్కలేదు.

దీనికి నాకు చెప్పిన సాకులన్నీ రాసుకున్నాను. "మా దగ్గర పేరు చెప్పలేదండీ, మిషను బావి దగ్గరుండే సహోదరి అన్నాం." ఆ బావి దగ్గర ఎన్ని ఇళ్లున్నాయి? "పెద్దలకు మాత్రమే చెప్పాం." పెద్దలకు ఇంట్లో భార్యలుంటారు, భార్యలకు అక్కచెల్లెళ్లుంటారు. "ఆవిడ్ని అడిగే చెప్పామండీ." పాస్టరు అయ్యగారు వచ్చి "గుళ్లో ప్రార్థన పెట్టమంటారా అమ్మా" అంటే వద్దనే ధైర్యం ఎవరికుంది? అందుకే అసలు అడగొద్దు. "ప్రార్థనే కదండీ" అన్నది అన్నిటికన్నా నాకు మంట పుట్టించేది. దేవుడికి తెలియని విషయం మైకులో చెబితేనే తెలుస్తుందా?

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 10, 11 వచనాలు తీయండి. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం ఇంట్లోకి వెళ్లకూడదు, బయటే నిలబడాలి, వాళ్లే తెచ్చి ఇవ్వాలి. ఇచ్చినవాడికే గుమ్మం దాటే హక్కు లేదు. వాళ్లంతట వాళ్లు లోపలికి పిలిచి చాప వేస్తే కూర్చున్న మనం, లోపల విన్నది బయట పరుస్తున్నాం.

కాబట్టి ఇకనుంచి ఇదే పద్ధతి. ఆ ఇంట్లో విన్నది ఆ ఇంట్లోనే ప్రార్థించండి. సాక్ష్యం చెప్పించడం కూడా ఇందులోకే వస్తుంది. అప్పు తీరాక "వచ్చి సాక్ష్యం చెప్పమ్మా" అని లేపితే, ఆవిడ తన పేదరికాన్ని నలుగురి ముందు ఇంకోసారి మొయ్యాలి. తనంతట తాను లేస్తే లేస్తుంది.

ఇప్పటికే నోరు జారినవాళ్లు ఏం చెయ్యాలంటే, జారినవాళ్లే ఒంటరిగా వెళ్లాలి. అయ్యగారిని వెంటబెట్టుకోవద్దు, పండ్లు పట్టుకెళ్లొద్దు. "తప్పు నాదమ్మా" అని ఒక్కమాట చెప్పి వచ్చేయాలి. ఒకావిడ వెళ్తే మొదటిసారి కూర్చోమనలేదట. రెండోసారి వెళ్తే పీట వేసిందట.

ఇద్దరు ఒకే ప్రశ్న అడిగారు: "ఇంత చేస్తున్నాం కదా, బాప్తిస్మం మాట ఎప్పుడెత్తాలి?" ఒంగోలు వైపు వాళ్లకు క్లౌ దొరగారి పేరు చెబితే చాలు, అక్కడ పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పనిచ్చాడు, కూలి ఇచ్చాడు. ఆ కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ పని అయిపోయాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మీ ప్రశ్నకు జవాబు అది. ఇంకొకాయన "ఆరు వారాలైంది, మార్పు లేదు" అన్నాడు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో కటిక పేద కుటుంబాల కోసం మొదలుపెట్టిన పథకంలో పశువో మేకో ఇవ్వడంతో పాటు మనిషి వారం వారం ఇంటికి వెళ్లేది, దాదాపు రెండేళ్లు. ఆరు వారాలకు మనకు ఆ ఇంటి కుక్క మొరగడం మానేస్తే చాలు.

ఇక అప్పుల కాగితం.

పొదుపు ఖాతా, ఆధార్, డ్వాక్రా పుస్తకం గురించి చెప్పను, ఇవి మీకు నాకన్నా బాగా తెలుసు. కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఎవరికి, చేతికి ఎంత వచ్చింది, నెలకు ఎంత కడుతున్నారు, ఏం తాకట్టు పెట్టారు. నేను పాత క్యాలెండరు కాగితం వెనక రాస్తాను. కొత్త నోటుపుస్తకం తీస్తే జనం బిగుసుకుపోతారు.

రెండో గడి జాగ్రత్త. "ఎంత తీసుకున్నారు" అని కాదు, "చేతికి ఎంత వచ్చింది" అని. ఒకావిడ ఇంట్లో గ్యాస్ బండ పక్కన మేకుకు ఒక అట్టముక్క గుచ్చి ఉండేది. వంద గళ్లు, కొన్నిట్లో పొట్టి సంతకాలు. సాయంత్రం బండి మీద కుర్రాడు వచ్చి వంద రూపాయలు తీసుకుని ఒక గడి నింపేవాడు. పదివేల అప్పు, చేతికి వచ్చింది తొమ్మిది వేలు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. "వెయ్యే కదండీ, నూటికి పది" అంది ఆవిడ. కాదు. మొదటి రోజు నుంచే తిరిగి కడుతోంది కాబట్టి, వంద రోజుల్లో సగటున ఆవిడ దగ్గర ఉన్నది తొమ్మిది వేలు కాదు, నాలుగున్నర వేలు. నాలుగున్నర వేల మీద వంద రోజులకు వెయ్యి. అంటే నెలకు నూటికి ఆరు రూపాయల అరవై పైసలు దాటింది, ఏడాదికి ఎనభై. ఊళ్లో మూడు రూపాయల వడ్డీని దోపిడీ అంటాం. ఇది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ, కానీ రోజుకు వందే కాబట్టి కనపడదు.

ఏది ముందు తీర్చాలంటే, చిన్న అప్పు ముందు తీరిస్తే ఉత్సాహం వస్తుందంటారు కొందరు. నాకు నచ్చదు. వడ్డీ ఎక్కువున్నదే ముందు. ఇరవై ఏళ్లు సహకార బ్యాంకులో లెక్కలు రాసినవాణ్ణి, ఉత్సాహం మీద వడ్డీ తగ్గడం నేను చూడలేదు.

నాలుగో గడిలో బంగారం కనపడితే ఆగండి. ఆవిడ నల్లపూసలు తాకట్టు కొట్లో ఇరవై వేలకు ఉన్నాయి, మూడు రూపాయల వడ్డీ. నెలకు ఆరు వందలు. అదే బ్యాంకులో బంగారం రుణమైతే నూటికి రూపాయి అటూఇటూ, రెండు వందలతో పోతుంది. అడ్డం ఒక్కటే: కొట్లోంచి విడిపిస్తే గానీ బ్యాంకులో పెట్టలేరు, విడిపించడానికి డబ్బు లేదు. సంఘం డబ్బు అప్పివ్వకూడదన్నది నా మొండిపట్టు, అప్పు పుట్టిన చోట స్నేహం ఉండదు. ఈ ఒక్క పూటకే నా మినహాయింపు. పొద్దున పదింటికి ఇద్దరూ కలిసి కొట్టుకు వెళ్లండి, మధ్యాహ్నానికి బ్యాంకుకు వెళ్లండి, చేబదులు సాయంత్రానికి తిరిగొస్తుంది. వడ్డీ బకాయి ఉంటే ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే కొట్టు మెట్ల మీద నిలబడి దిక్కులు చూడాల్సొస్తుంది.

కాగితంలో రాయాల్సిన ఇంకో అప్పు ఉంటుంది, అది మనకు చెప్పరు. పదిహేను వేలు, మూడు రూపాయల వడ్డీ, దేనికని అడిగితే నసుగుతారు. అది కృతజ్ఞత కూడికకు, అంటే ఇంట్లో ప్రార్థన పెట్టి అందరికీ భోజనం పెట్టడానికి, తెచ్చింది. అందరూ బిర్యానీ పెట్టారు, తామెలా పెట్టకుండా ఉంటారు? భోంచేసి వచ్చిన విస్తళ్లలో ఒకటి మనది. కానుక కవర్ల మీద పేర్లు, మొత్తాలు మైకులో చదివే సంఘాలు దయచేసి ఈ వారమే ఆ పని ఆపండి. ఇది పాఠంలో భాగం కాదు, నా కడుపుమంట.

అభ్యాసం. ఆ ఇంటికి ఈ కాగితం పట్టుకెళ్లొద్దు. ముందు మీ సొంత అప్పులు ఇదే నాలుగు గళ్లలో రాసి, మీతో వెళ్లే రెండో మనిషికి పైకి చదివి వినిపించండి. బైకు వాయిదా, క్రెడిట్ కార్డు, తోడల్లుడి దగ్గర చేబదులు, అన్నీ. విన్నవాళ్లు సలహా ఇవ్వకూడదు. చదివాక చించేయండి. తర్వాత వాళ్లింట్లో ఎప్పుడైనా వాళ్లంతట వాళ్లు అప్పుల మాటెత్తితే, మొదట మీ లెక్క చెప్పండి. ఎత్తకపోతే టీ తాగి రండి.

నేను మొదటిసారి ఇది చేసినప్పుడు బావమరిది దగ్గర తెచ్చిన నలభై వేలు రాయలేదు. నా ఎదురుగా కూర్చున్నాయనే ఆ రోజు బావమరిదితో పాటు వచ్చి డబ్బు లెక్కపెట్టి ఇచ్చినవాడు. ఏమీ అనలేదు. పెన్ను మూత తీసి మళ్లీ నా చేతిలో పెట్టాడు.