ఎక్స్‌చెకర్‌లో షెరీఫ్ లెక్క అప్పజెప్పడం: 1130 నాటి విధానం

ఇంగ్లండులో మొదటి హెన్రీ (1100–1135) కాలంలో ఒక కౌంటీ షెరీఫ్, అంటే జిల్లాలో రాజు తరఫున వసూళ్లు చూసే అధికారి, రాజుకు ఏటా లెక్క ఎలా అప్పజెప్పాలో ఇక్కడ రాస్తున్నాను. లెక్క చెప్పేది ఎక్స్‌చెకర్‌లో, అంటే రాజు లెక్కలు చూసే అధికారులు కూర్చునే బల్ల దగ్గర. మన జమాబందీ తెలిసినవాళ్లకు సగం సంగతి ముందే అర్థమైపోతుంది. ఆ రాజు కాలం నాటి వార్షిక లెక్కలు రాసిన తోలు చుట్ట ఒక్కటే మిగిలింది, 1130ది. ఆ ఏడాది రావలసినదాంట్లో సగం కూడా ఖజానాకు చేరలేదని అదే చెబుతుంది. పేరు తరవాత పేరు, పక్కన బాకీ. అందులో మీ పేరు పడకుండా చూసుకోవడానికే ఇదంతా.

వివరాలు చాలావరకు రాజు ఖజానాదారు రిచర్డ్ ఫిట్జ్‌నీల్ రాసిపెట్టినవి. ఈ పద్ధతిని నిలబెట్టిన సాల్స్‌బరీ బిషప్ రోజర్ కుటుంబంవాడే, కాకపోతే రాసింది 1170లలో. నలభై ఏళ్ల తేడాలో చిన్న చిన్న మార్పులుంటే సర్దుకోండి.

ఎవరు రావాలి

కౌంటీని గుత్తకు తీసుకున్న షెరీఫ్. రాజు సొంత భూముల మీద, కోర్టుల మీద వచ్చే మామూలు రాబడికి ఏడాదికి ఇంత అని ముందే కట్టిన మొత్తమే గుత్త. ఎక్కువ వసూలైతే మీకు, తక్కువైతే మీ జేబులోంచి. హైడ్ (అప్పటి భూమి కొలత) భూమికి 2 షిల్లింగుల చొప్పున వసూలు చేసే డేన్‌గెల్డ్ అనే భూమి పన్ను, జరిమానాలు, బారన్లు (పెద్ద భూస్వాములు) రాజుకు ఇస్తామని ఒప్పుకున్న మొత్తాలు ఇందులో కలవవు. వాటికి వేరే పద్దు.

మిగులు మనదేలే అన్న ధీమా మాత్రం వద్దు. 1130లో రిచర్డ్ బాసెట్, ఆబ్రీ డి వేర్ కలిసి 11 కౌంటీలు చూస్తున్నారు. గుత్తదారులుగా కాదు, రాజు తరఫు మనుషులుగా. మిగులు కింద 1000 మార్కులు (మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు) విడిగా లెక్క చూపాల్సి వచ్చింది.

మా తాతల కాలంలో గోధుమలు, గొర్రెలు తోలుకెళ్లి అప్పజెప్పేవాళ్లు కదా అని అడగొచ్చు. ఫిట్జ్‌నీల్ కూడా అదే అంటాడు. దూరాలనుంచి సరుకు మోయలేక రైతులు నాగళ్లు పట్టుకొచ్చి రాజుకు మొరపెట్టుకున్నారట. ఇటు రాజుకూ సముద్రానికి అవతల యుద్ధాలు, జీతగాళ్ల సైన్యానికి వెండే కావాలి. అందుకని ధర కట్టారు: మేత ఎద్దు కళేబరానికి 1 షిల్లింగు, వందమంది రొట్టెకు సరిపడా గోధుమకు 1 షిల్లింగు, గొర్రెకు 4 పెన్నీలు. ఈ కథ కాస్త పెంచి చెప్పిందే, హెన్రీకి ముందే చాలాచోట్ల డబ్బు కడుతున్నారు. ఏదేమైనా ఇప్పుడు గొర్రెలు తోలుకొస్తే వెనక్కి తోలుకుపోవాల్సిందే.

రెండు విడతలు

ఈస్టర్‌కు సగం, సెప్టెంబర్ 29న వచ్చే మైకేల్మస్‌కు మిగతాది. అసలు లెక్క తేలేది మైకేల్మస్‌కే. ముందుగా మీకు పిలుపు పత్రం వస్తుంది, మీమీద ఉన్న పద్దులు అందులో ఉంటాయి. అది వెంట తెచ్చుకోండి.

ఈస్టర్‌కు కట్టగానే రసీదుగా హేజెల్ చెట్టు పుల్ల ఒకటి ఇస్తారు. కాగితం కాదేమిటని కంగారు పడొద్దు. చూపుడువేలి కొసనుంచి చాచిన బొటనవేలి కొసదాకా ఉంటుంది పొడవు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందం గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌండుకు పండిన బార్లీ గింజంత. షిల్లింగుకు ఇంకా సన్నం. పెన్నీకి చెక్క తీయరు, కత్తితో ఒక గీత గీస్తారు. తర్వాత పుల్లను నిలువునా చీల్చి ఒక సగం మీకిచ్చి, రెండోది వాళ్లుంచుకుంటారు. చదువు రాకపోయినా వేలితో తడిమి ఎంత కట్టారో చెప్పొచ్చు. మైకేల్మస్‌కు రెండు సగాలూ కలిపి చూస్తారు. మీ సగం మీదే ఎవరైనా ఇంకో గాటు పెడితే అవతలి సగంతో కుదరదు, దొరికిపోతారు. పుల్లను గుమాస్తా చేతికి వదిలేయకండి.

దెబ్బ తినేది ఇక్కడే

పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌండుకు 240 పెన్నీలు. మీరు వంద పౌండ్ల గుత్తకు సరిగ్గా 24,000 పెన్నీలు లెక్కపెట్టి, సంచుల్లో కట్టి తెచ్చారు. ఒక్కటి తగ్గలేదు. అయినా బాకీ పడొచ్చు.

గుత్తలు రెండు రకాలు. కొన్నిటికి నాణేలు లెక్కపెట్టి ఇస్తే చాలు. కొన్నిటికి ‘తెల్ల వెండి’ ఇవ్వాలి, అంటే నాణేన్ని పుటం పెట్టి చూస్తారు. మీది ఏ రకమో ఇంటి దగ్గర బయల్దేరకముందే కనుక్కోండి. పాత షెరీఫ్‌ను అడిగితే చాలదు. కిందటేడు మీ కౌంటీ పద్దులో ఏమని రాశారో అదే ప్రమాణం.

పుటం ఇలా జరుగుతుంది. మీరు పోసిన కుప్పను కలిపి, అందులోంచి 44 షిల్లింగులు తీసి సంచిలో వేసి ముద్ర వేస్తారు. ఖజానా షరాబు, కరిగించేవాడు, మీరు కలిసి కొలిమి దగ్గరికి వెళ్తారు. 20 షిల్లింగులు తూచి, బూడిద మూసలో వేసి కరిగిస్తారు. రాగి, సీసం పోయి వెండి ముద్ద మిగులుతుంది. దాన్ని బల్ల దగ్గరికి తెచ్చి అందరి ముందూ తూస్తారు. పౌండు బరువుకు ఎంత తగ్గితే అన్ని పెన్నీలు అదే సంచిలోంచి తీసి తక్కెట్లో వేస్తారు. ఎన్ని వేశారో అదే తరుగు.

పౌండుకు 12 పెన్నీల తరుగు తేలిందనుకోండి. మీ వంద పౌండ్లలో జమ అయ్యేది 95. ఆ అయిదు పౌండ్లూ మీరే తెచ్చి పూడ్చాలి. తరుగుకు ఒక చిన్న పుల్ల చెక్కి పెద్ద పుల్లకు కడతారు.

1124 క్రిస్మస్‌కు టంకశాలవాళ్లను వించెస్టర్‌కు పిలిపించి కుడిచేతులు నరికించారు, వృషణాలు కోయించారు, ఇక నాణేలు బాగుపడ్డాయిలే అని కొందరు నిశ్చింతగా వస్తుంటారు. అప్పట్లో నాణెం ఎంత చెడిందంటే, పౌండు పట్టుకుని సంతకు వెళ్తే 12 పెన్నీల సరుకు రాలేదని ఆ కాలపు చరిత్రకారుడే రాశాడు. శిక్ష పడింది చేసినవాళ్లకు, వాళ్లు చేసిన నాణేలకు కాదు. మీ రైతు మీకిచ్చిన పెన్నీ ఏదో మీకు తెలియదు.

ఎక్కువ కాల్చేశారనిపిస్తే అక్కడికక్కడే అడగండి. సంచిలో 44 షిల్లింగులు తీసింది అందుకే, మళ్లీ 20 కరిగించి చూస్తారు. బల్ల దగ్గర ముద్ద తూచేశాక గొణిగి లాభం లేదు. ‘లోపల మనవాళ్లున్నారు, తరుగు తగ్గిస్తా’ అనేవాడికి ఒక్క పెన్నీ ఇవ్వకండి. తూకం వాడి చేతిలో ఉండదు.

బల్ల

దాదాపు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. పైన గళ్లు గీసిన నల్లగుడ్డ, చదరంగం పలకలాగా. ఎక్స్‌చెకర్ అన్న పేరే దానినుంచి వచ్చింది. 1110లో రాజు కూతురు మటిల్డా పెళ్లికి హైడ్‌కు 3 షిల్లింగులు వసూలు చేసినప్పటి ఉత్తరువులో ఈ మాట మొదటిసారి కనిపిస్తుంది. పెన్నీలకు ఒక వరస, షిల్లింగులకు ఒకటి, పౌండ్లకు ఒకటి, ఇలా పైదాకా. రావలసినది పైన పేర్చి, కట్టింది కింద పేర్చి, తీసేస్తారు. ఏమీ లేనిచోట గడి ఖాళీ. మీరు ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంటారు.

రాజు కోసం ఖర్చు పెట్టానంటే రాజు ఉత్తరువు చూపాలి. కోట మరమ్మతు అయితే ఉత్తరువుతోపాటు పని చూసిన ఇద్దరు ప్రమాణం చేయాలి. ‘నోటిమాటగా చెప్పారు’ అంటే ఆ ఖర్చు మీదే. చుట్టలో ఎక్కాక దిద్దడం కుదరదు. గొర్రె తోలు మీద గీకితే మచ్చ కనిపిస్తుంది, ఆ తోలే ఎంచుకోవడం అందుకే.

అంతా సరిపోతే న్యాయంగా లెక్క చెప్పానని మార్షల్ అనే ఎక్స్‌చెకర్ అధికారి చేతిలో ప్రమాణం చేస్తారు, మీ పద్దు చివర ‘చుక్తా’ అని రాస్తారు.

షెరీఫ్ కానివాళ్లకు

వారసులు, వితంతువులు కూడా ఈ బల్ల దగ్గరికే రావాలి. 1100లో పట్టాభిషేకం రోజున ఇచ్చిన పత్రంలో, వారసత్వ రుసుము న్యాయంగా ఉంటుందని, వితంతువును ఇష్టం లేకుండా పెళ్లికి ఒప్పించనని హెన్రీ మాటిచ్చాడు. ఆ పత్రం నకలు తెచ్చి చూపించి వాదించాలనుకునేవాళ్లు ముందు 1130 చుట్ట చూడండి. ముగ్గురు భర్తలు పోయిన చెస్టర్ కౌంటెస్ లూసీ, అయిదేళ్లపాటు పెళ్లి చేసుకోమని అడక్కుండా ఉండటానికి 500 మార్కులు, అంటే 333 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు ఒప్పుకుంది. తండ్రి భూమికి జెఫ్రీ డి మాండెవిల్ పద్దు 866 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. రేట్ల పట్టిక అంటూ ఏదీ లేదు. ఒకేసారి కట్టమనరు, విడతలుగా కట్టొచ్చు, కట్టిన ప్రతిసారీ పుల్ల అడిగి తీసుకోండి.

ఉత్తరువుకు ముద్ర కావాలంటే రాజముద్ర చూసుకునే అధికారి, ఛాన్సలర్ జెఫ్రీ దగ్గరికి వెళ్లాలి. ఆ ముద్ర తన చేతికి వచ్చినందుకు ఆయన కూడా 3006 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు బాకీ. అదే చుట్టలో ఉంది.