ట్యూషన్ గంటలో పెన్సిల్ ఎవరి చేతిలో ఉండాలి?

స్వచ్ఛందంగా చదువు చెప్పేవాళ్లకు మామూలుగా దొరికేది వారానికి రెండు రోజులు, రోజుకో గంట. ఆ గంటంతా హోంవర్క్‌కే పోతే నోటుపుస్తకం నిండుతుంది, పిల్లలకు రానిది మాత్రం రాకుండానే ఉండిపోతుంది. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ పిల్ల సరిగ్గా ఎక్కడ ఆగిపోయింది?

మొదటి రోజు పాఠం జోలికి పోవద్దు. చదివే తరగతిని బట్టి అంచనా కూడా వేయొద్దు, నాలుగో తరగతి పిల్లలకు రెండో తరగతి లెక్క రాకపోవడం వింతేమీ కాదు. యాభై పదాలుండే చిన్న కథ ఇచ్చి పైకి చదవమనండి. మధ్యలో దిద్దకండి, తప్పు వచ్చిన చోటల్లా మీ కాగితం మీద ఆ పదం రాసుకోండి. ఐదుకు మించి తప్పులొస్తే ఆ కథ ఇంకా బరువు, ఒక మెట్టు కిందిది ఇవ్వాలి. ఒకటి రెండు తప్పులతో సాగితే దాంతోనే మొదలుపెట్టొచ్చు.

ఎన్ని తప్పులొచ్చాయన్నది కథ ఎంచుకోవడానికి పనికొస్తుంది. ఏం చెప్పాలో తెలియాలంటే ఏ తప్పులో చూడాలి. ‘మొగ్గ’ను ‘మొగ’ అని చదివితే కన్ను ఒత్తు మీద పడటం లేదు. ‘మ’కీ ‘య’కీ, ‘ప’కీ ‘వ’కీ తికమకపడితే చిక్కు అక్షరం దగ్గరే ఉంది. ‘చెరువు’ను చూసి ‘చెట్టు’ అనేస్తే మొదటి అక్షరం పట్టుకుని మిగతాది ఊహించేస్తున్నారన్నమాట. ఇలా ఊహించే పిల్లలకు ఒక అట్టముక్కతో పదాన్ని మూసి, ఒక్కో అక్షరం బయటపడేలా పక్కకు జరుపుతూ చదివించండి. ఒత్తు వదిలేసేవాళ్లకు ‘మొగ, మొగ్గ’, ‘గది, గద్ది’ లాంటి జంటలు పక్కపక్కన రాసి రెండూ పైకి పలికించాలి. ‘గద్ది’ లాంటిదానికి అర్థం లేకపోయినా ఫర్వాలేదు, చెవికి తేడా తెలిస్తే చాలు. అంతేగానీ ఒత్తుల దగ్గర తడబడే పిల్లతో మళ్లీ మొదటినుంచి అఆలు దిద్దిస్తే మిగిలేది విసుగే.

లెక్కల్లోనూ ఇదే పద్ధతి. 52 − 27 ఇస్తే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదిది. రెండులోంచి ఏడు పోదు కనక ఏడులోంచి రెండు తీసేశారు, వాళ్ల లెక్కకు వాళ్ల న్యాయం ఉంది. ‘పక్కనుంచి అప్పు తెచ్చుకోవాలి’ అని గట్టిగా చెబితే ఆ రోజుకు చేసేస్తారు. వచ్చేవారం మళ్లీ 35. 52లోని 5 అంటే ఐదు పదులన్న సంగతి ఇంకా బుర్రకెక్కలేదు మరి.

పుల్లలు తెచ్చి పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లతో కట్టండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పిల్లాడి ముందు పెట్టి ‘నాకు 27 ఇవ్వు’ అనండి. ముందు ఏడు విడి పుల్లలు అడగండి. ఉన్న రెండూ ఇచ్చేసి ఆగిపోతాడు. మీరు కూడా అక్కడే ఆగాలి. కట్ట విప్పాలన్న ఆలోచన వాడికే తట్టాలి, విప్పేదీ వాడే. పది పుల్లల్లోంచి ఐదు మీకిచ్చి, ఆ తర్వాత రెండు కట్టలు ఇచ్చాక మిగిలినవి లెక్కపెడితే రెండు కట్టలు, ఐదు పుల్లలు. అప్పుడు కాగితం మీద 5 కొట్టేసి 4 రాయించండి, ‘ఇక్కడ కొట్టేసింది ఏ కట్టని?’ అని అడగండి. పుల్లలతో మూడు లెక్కలు, పుల్లలు పక్కనుంచుకుని కాగితం మీద మూడు, పుల్లలు తీసేశాక రెండు చేయించండి. 302 − 127 లాంటివి ఇంకో రోజుకు ఉంచండి. మధ్యలో సున్నా ఉంది కనక ముందు వంద విప్పి పదులు చేసుకోవాలి, అది వేరే పాఠం.

ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకోండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదులను పరిశీలించి, టీచర్లు జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకనేనని చూపారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు నిడివిగా వచ్చాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు. ఆ మౌనం భరించలేక పెన్సిల్ అందుకోవడమే కొత్త ట్యూటర్లు ఎక్కువగా చేసే పొరపాటు. ‘అర్థమైందా?’ అన్న ప్రశ్నా వృథాయే, అందరూ తలూపుతారు. ‘ఈ 4 ఎక్కడినుంచి వచ్చిందో నాకు చెప్పు’ అంటే అసలు సంగతి బయటపడుతుంది.

గంటను సుమారుగా ఇలా పంచుకోవచ్చు: పోయినసారి నేర్చుకున్నది పుస్తకం చూడకుండా గుర్తుచేసుకోవడానికి ఐదు నిమిషాలు, చదవడానికి ఇరవై, ఆ రోజు పట్టుకున్న ఒక్క అంశానికి ఇరవై, హోంవర్క్‌కు పది, మీరు కథ చదివి వినిపించడానికి చివరి ఐదు. హోంవర్క్ పూర్తిగా వదిలేయలేం, బడిలో తిట్లు తినేది పిల్లలే. ఒక్కో రకంలో ఒక్కటి కలిసి చేసి మిగతావి ఇంటికి వదలండి. పిల్లలు ముగ్గురు నలుగురికి మించితే ఇంకో ట్యూటర్ కావాలి. తలుపులు మూసిన గదిలో ఒక్క పిల్లతోనే కూర్చోవద్దు, పదిమందికీ కనబడే చోట చెప్పండి.

పిల్లలు వెళ్లగానే ఒక్కొక్కరి పేరు కింద ఒక్క వాక్యం రాసి పెట్టండి: ‘రెండంకెల తీసివేత పుల్లలతో వచ్చింది, పుల్లలు లేకుండా రెండిట్లో ఒకటి తప్పింది, 35 రకమే.’ వచ్చేవారం మీకు కుదరక ఇంకొకరు వస్తే, వాళ్లు ఆ వాక్యం చదువుకుని పుల్లల కట్టతోనే మొదలుపెడతారు.