మీ పరిశోధన ఊరికి అక్కరకు రావాలంటే: పీహెచ్‌డీ మొదటి ఏడాదే వేసుకోవాల్సిన ప్రణాళిక

థీసిస్ ఇచ్చే నెలలో ‘దీనివల్ల సమాజానికి ఏం ఒరిగింది’ అని ఆలోచించడం మొదలుపెడితే చూపించడానికి నాలుగు ఫొటోలు తప్ప ఏమీ ఉండవు. ప్రయోజనం జరగడానికీ, జరిగిందని చూపడానికీ ఏళ్లు పడుతుంది. అడిగేవాళ్లు కూడా పెరిగారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2022లో తెచ్చిన శాస్త్రీయ సామాజిక బాధ్యత మార్గదర్శకాలు పరిశోధకులు ఏడాదికి కనీసం 10 పనిదినాలు ఇందుకు కేటాయించాలంటున్నాయి. బ్రిటన్ విశ్వవిద్యాలయాల పరిశోధన మదింపులో (రెఫ్ 2021) సమాజం మీద ప్రభావానికి 25 శాతం వెయిటేజీ ఇచ్చారు.

ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. అనంతపురం జిల్లాలో బోర్ల నీటిమట్టం మీద పనిచేసే స్కాలరు అనుకోండి. మీ విషయం వేరైనా పని వరుస ఇదే.

ముందు ఒక వాక్యం

‘ప్రజల్లో అవగాహన కల్పిస్తాం’ అని రాసిన ప్రణాళిక కాగితం దాటదు. ఎవరు, ఏ నిర్ణయం, ఏ నెలలో అన్న మూడూ ఉన్న ఒక్క వాక్యం రాయండి: ‘ఈ ఊరిలో బోరు కింద రబీ వేసే రైతులు అక్టోబరులో వరా, వేరుశనగా అని తేల్చుకునేటప్పుడు మా నీటి లెక్క చూస్తారు.’ ఈ వాక్యంలోని నెలే మీ ఫీల్డ్‌వర్క్ తేదీలను నిర్ణయిస్తుంది. లెక్క డిసెంబరులో చేతికిస్తే అప్పటికే నారు పోసి ఉంటారు, ఇంకో ఏడాది ఆగాల్సిందే.

తర్వాత ఆ రైతు ఎవరి మాట వింటాడో కనుక్కోండి. ఊరి వ్యవసాయ సహాయకుడు, ఎరువుల కొట్టు యజమాని, బోరు రిగ్గు ఏజెంటు, కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసే మనిషి. చివరి మనిషిని స్కాలర్లు పక్కన పెట్టేస్తారు, లేదా సభలో తీసిపారేస్తారు. అతన్ని నమ్మి లక్షలు పెట్టి బోరు వేసిన రైతులు అదే సభలో ఉంటారు. వాళ్లను చిన్నబుచ్చితే మీ మాట అక్కడితో సరి. అతన్నీ పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి.

కొలత వాళ్ల చేతుల్లో పెట్టండి

ఈ విషయంలో చదవాల్సిన పని మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరవు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (రైతులే నిర్వహించుకునే భూగర్భ జల వ్యవస్థలు) ప్రాజెక్టు నడిచింది. రైతులే రోజూ వర్షపాతం, 15 రోజులకోసారి బోర్ల నీటిమట్టం కొలిచి ఊరి బోర్డు మీద రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీరెంత, అనుకున్న పంటలకు కావాల్సిందెంత అని లెక్క వేసుకునేవారు. ఏ పంట వేయాలో ప్రాజెక్టు శాసించలేదు. ఎవరికి వారే తేల్చుకున్నారు. ఆ పనిలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే: తాను కొలిచిన అంకెను రైతు నమ్మినట్టు, బయటివాళ్లు తెచ్చిన అంకెను నమ్మడు.

మీరూ ఊరికి ఇద్దరు ముగ్గురికి కొలవడం నేర్పండి. మోటారు ఆగిన వెంటనే కొలిస్తే మట్టం అసలుకన్నా లోతుగా కనిపిస్తుంది. రాత్రంతా ఆగి, పొద్దున్న మోటారు వేయకముందు కొలవాలి. ప్రతిసారీ గొట్టం అంచు మీద రంగుతో గుర్తు పెట్టిన చోటు నుంచే కొలవాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా రెండేళ్ల డేటా పనికిరాకుండా పోతుంది.

లెక్క చెప్పేటప్పుడు మీ యూనిట్లు పక్కన పెట్టండి. 20 మీటర్లు అనకండి, 66 అడుగులు అనండి. హెక్టారు వద్దు, ఎకరా చెప్పండి. ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4 వేల లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు, వేరుశనగకు 500 అనుకుంటే 20 లక్షలు. ఈ రెండు అంకెలు గోడ మీద రాసి పెడితే చాలు, చర్చ వాళ్లే నడుపుతారు. కరపత్రం ఒక్క పేజీయే, 250 మాటలు మించకుండా, పెద్ద అక్షరాల్లో ఉండాలి. అచ్చుకు ముందు ముగ్గురి చేత బయటికి చదివించండి. ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయండి.

రోజులు, డబ్బు, అనుమతులు

మార్గదర్శకాలు అడిగే ఆ 10 రోజులను ఇలా పంచుకోవచ్చు: ఊరికెళ్లి వినడానికి 2, కరపత్రానికి 2, ఖరీఫ్‌కూ రబీకీ ముందు సమావేశాలకు 4, జరిగింది రాసి పెట్టడానికి 2. నాట్ల రోజుల్లో, కోతల్లో సమావేశం పెట్టకండి. పిలిచేది 15 మందికి మించితే నలుగురే మాట్లాడతారు. ఆడవాళ్లతో విడిగా ఒకసారి కూర్చోండి, తాగునీటి సంగతి అసలు బయటపడేది అక్కడే. ప్రయాణం, అచ్చు, కొలిచేవారికిచ్చే డబ్బు బడ్జెట్‌లో విడి పద్దుగా అడగండి. కంటింజెన్సీలో (చిల్లర ఖర్చులకిచ్చే గ్రాంటులో) సర్దుకుందామంటే అది రసాయనాలకే చాలదు.

మాటామంతీ రికార్డు చేసేదైతే ఎథిక్స్ కమిటీ దరఖాస్తులోనే ఆ సంగతి రాయండి. ఎవరి బోరు ఎండిందో పేరుతో మ్యాపులో చూపించవద్దు. ఆ రైతు పొలం ధర పడిపోవచ్చు, అప్పు పుట్టకపోవచ్చు. కొత్త పరికరం ఏదైనా చేసి పేటెంటు అనుకుంటే, దరఖాస్తు దాఖలయ్యాకే దాని వివరాలు బయట చెప్పండి. ముందే చెబితే కొత్తదనం లేదని తిరస్కరించవచ్చు.

ఆధారం

‘200 మంది హాజరయ్యారు’ అన్నది ప్రభావం కాదు. మొదటి సమావేశానికి ముందే 20 బోర్ల కింద రబీలో ఎన్నెకరాల వరి ఉందో రాసి పెట్టండి. పక్కనే మీరు పనిచేయని ఊరిలోనూ అదే లెక్క తీయండి. రెండో ఏడాది వరి తగ్గితే అది మీ వల్లా, వాన లేకపోవడం వల్లా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. రెండో ఊరి లెక్క లేకుండా జవాబు చెప్పలేరు. పంచాయతీ తీర్మానం నకలు, అధికారి ఇచ్చిన ఉత్తరం వంటివి వచ్చిన రోజే తేదీతో దాచండి. ఏడాది తర్వాత అడిగితే ఆ అధికారి బదిలీ అయి ఉంటారు.

ఆఖరి ఆరు నెలల్లో కొత్త సమావేశాలు మొదలుపెట్టకండి. కొలత పుస్తకాలు, టేపు, బోర్ల జాబితా ఎవరికి అప్పగిస్తారో తేల్చుకోండి: కృషి విజ్ఞాన కేంద్రమా, భూగర్భ జల శాఖ జిల్లా కార్యాలయమా, ఊరి రైతు సంఘమా. తీసుకునేవాళ్లతో రెండుసార్లు కలిసి కొలవండి. తుది ఫలితం మీ థీసిస్ కంటే ముందు ఊరి బోర్డు మీదకు ఎక్కాలి, అనుకున్నట్టు రాకపోయినా సరే.