నొప్పి లేని రోజే పండ్ల డాక్టరు దగ్గరికి పోవడం ఎలా?

పదమూడేళ్లు నేను పండ్ల డాక్టరు గడప తొక్కలేదు. ఎడమవైపు కింది దవడ పన్ను పిప్పిపట్టింది, అన్నమంతా కుడివైపే నమలడం అలవాటైపోయింది. రాత్రి నొప్పి లేస్తే లవంగం, దానికీ లొంగకపోతే మెడికల్ షాపు మాత్ర. తెల్లారి తగ్గితే ‘హమ్మయ్య, పోయిందిలే’ అనుకోవడం. పంటి లోపలి నరం చచ్చిపోయినా నొప్పి ఆగిపోతుందని, లోపల చీము మాత్రం తన పని తాను చేసుకుంటూ పోతుందని అప్పుడు నాకు తెలియదు.

భయం ఎక్కడ పుట్టిందో మాత్రం బాగా తెలుసు. ఏడో తరగతిలో బుగ్గ బూరెలా ఉబ్బితే నాయన సైకిలు మీద టౌనుకు తీసుకుపోయినాడు. అక్కడ సూది వేశారు, మత్తు పట్టలేదు. ‘నొప్పి సార్’ అంటే ‘ఉత్త భయం, గమ్మునుండు’ అన్నారు. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు, పీకేశారు.

మత్తు ఎందుకు పట్టలేదో చాలా ఏళ్లకు తెలిసింది. చీము, వాపు ఉన్నచోట ఆమ్ల గుణం పెరుగుతుంది. అలాంటి చోట మత్తుమందు నరంలోకి సరిగా దిగదు. మనమేమో ప్రాణం మీదికొస్తే గానీ పోము. అంటే సూది సరిగా పనిచేయని రోజు ఏరుకుని మరీ పోతున్నామన్నమాట! ఆ నొప్పి తిని ఇంటికొచ్చి ఇంకో పదేళ్లు మొహం చాటేస్తాం. అందుకే నొప్పి లేని రోజు చూసుకుని పోవాలి. నేను పోయిన దారి ఇది.

ఒక్క మాట ముందే. వాపు కంటిదాకా గానీ గడ్డం కిందికి గానీ పాకినా, నోరు తెరుచుకోకున్నా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా ఈ దశలన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి పోండి.

1. భయం దేనికో తేల్చుకోండి

సూదికా, మోటరు చప్పుడుకా, డబ్బుకా, తిట్లకా? కాగితం మీద రాసుకోండి. నేను రాసుకుంటే మొదట వచ్చింది సిగ్గు. ‘ఇన్నేళ్లు ఏం చేస్తున్నావమ్మా’ అంటారని. మా వైపు ఇంకో సిగ్గు కూడా ఉంది. అనంతపురం, కడప పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు చిన్నప్పుడు, పండ్లు తయారయ్యే వయసులో తాగితే పండ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. అవి తోముకోక వచ్చిన పాచి కాదు, ఎంత తోమినా పోవు. ఈ ప్రాంతపు డాక్టర్లు రోజూ అవే చూస్తుంటారు, కాబట్టి నోరు తెరవడానికి మొహమాటపడకండి.

2. ఎవరి దగ్గరికో నిర్ణయించుకోండి

డిగ్రీల కంటే ముందు, చెప్పేది వినే మనిషేనా అని ఇరుగుపొరుగును అడగండి. ఖర్చే అడ్డమైతే కడపలో రిమ్స్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలు వాళ్లకు జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల ఉంది. కాలేజీ ఆసుపత్రుల్లో పనికి టైము ఎక్కువ పడుతుంది, పొద్దున్నే పోయి చీటీ రాయించుకోవాలి. చదువుకునే పిల్లలు చేస్తారని జంకక్కరలేదు. పక్కన ప్రొఫెసర్లు ఉంటారు, పైగా ఆ పిల్లలకు మనలా తొందర ఉండదు. నన్ను మొదట చూసిన అమ్మాయి ‘అక్కా, ఇప్పుడు అద్దం ఒక్కటే పెడతా’ అని చెప్పి మరీ పెట్టింది. ఆ ఒక్క మాటకే సగం బరువు దిగింది.

3. మొదటిసారి ఊరికే చూపించుకోండి

అన్నిట్లోకీ ముఖ్యమైన దశ ఇదే. ఫోనులోనే చెప్పేయండి: ‘చాలా ఏళ్లయింది, నాకు భయం. ఈ రోజు చూడడం, ఎక్స్‌రే తీయడం వరకే. పని ఇంకో రోజు.’ ఈ మాట అనడానికి నోరు రాకపోతే రాసి చూపించండి. ‘వచ్చారు కదా, ఇప్పుడే పీకేద్దాం’ అని తొందరపెడితే లేచి రావచ్చు, ఎవరూ పట్టుకోరు. పొద్దుటి టైము అడగండి. సాయంత్రానికి పెట్టుకుంటే రోజంతా కడుపులో దేవినట్టే ఉంటుంది.

4. పోయే ముందు

కడుపునిండా తిని పోండి. మామూలు మత్తు సూదికి పస్తు అక్కరలేదు, ఖాళీ కడుపుతో పోతేనే కళ్లు తిరుగుతాయి. బీపీ, షుగరు మాత్రలు ఎప్పటిలా వేసుకోండి, వాటి చీటీ వెంట తీసుకుపోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. ధైర్యానికి ఒక పెగ్గు వేసుకుని పోదామనుకునే అన్నలున్నారు. వద్దు, దానికీ మందులకూ పడదు. మరీ వణుకు పుట్టేవాళ్లకు ముందు వేసుకునే మాత్రలుంటాయి, అవి డాక్టరు రాసిస్తేనే.

5. కుర్చీలో

కూర్చోగానే ఒప్పందం చేసుకోండి: ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలి. మొదటి నిమిషంలోనే ఒకసారి ఊరికే ఎత్తి చూడండి, ఆపుతారో లేదో తెలిసిపోతుంది. నేనైతే మూడుసార్లు ఎత్తాను, మూడోసారి ఆ అమ్మాయి నవ్వేసింది.

సూదికి ముందు చిగురు మీద మత్తు జెల్ గానీ స్ప్రే గానీ వేయమనండి. మందు మెల్లగా ఎక్కిస్తే నొప్పి తక్కువ. అంగిట్లో వేసే సూది మాత్రం కాస్త గట్టిగానే తెలుస్తుంది, ఉన్నమాట దాచి లాభం లేదు. మందు ఎక్కగానే కొందరికి ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడుతుంది. మందులో కలిపే అడ్రినలిన్ వల్ల అలా జరుగుతుంది. సంగతి తెలియనివాళ్లు అదే భయమనుకుని ఇంకా భయపడతారు. దడ తగ్గకపోయినా, ఆయాసమొచ్చినా వెంటనే చెప్పండి.

కింది దవడకు మత్తు ఎక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పెదవి చెక్కముక్కలా బరువెక్కాలి. ఎక్కకపోతే ‘ఇంకా తెలుస్తోంది’ అనండి, మళ్లీ వేయొచ్చు. మత్తు పట్టాక కూడా నొక్కుడు, కుదుపు తెలుస్తాయి. సుర్రుమనే నొప్పి మాత్రం ఉండకూడదు. ఈ రెండింటి తేడా పట్టుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే.

నీళ్లు గొంతులోకి పోతాయని భయమా? కుర్చీ వెనక్కి పూర్తిగా వంచొద్దనండి, ముక్కుతో ఊపిరి తీసుకోండి. నోట్లో ఎక్స్‌రే ముక్క పెట్టినప్పుడు వాంతి వచ్చేట్టుంటే ఒక కాలు కొంచెం పైకెత్తి ఆ కాలి మీదే ధ్యాస పెట్టండి. విచిత్రంగా పనిచేస్తుంది.

6. పనులకు వరస వేయించుకోండి

నాకు పెద్ద జాబితానే తేలింది: మూడు ఫిల్లింగులు, ఒక రూట్ కెనాల్, దానికి క్యాప్, గార తీయడం. చూడగానే లేచిపోవాలనిపించింది. ‘ఇందులో ఆగనిది ఏది, ఆరు నెలలు ఆగేది ఏది?’ అని అడిగి, ఖర్చుతో సహా రాయించుకున్నాను. కుదిరితే తేలిక పనితోనే మొదలుపెట్టండి, ఒకటి నొప్పి లేకుండా గడిస్తే రెండోదానికి కాళ్లు వాటంతటవే నడుస్తాయి. గార తీస్తే పండ్లు కదులుతాయంటారు. చిగురు జబ్బుతో ఎముక కరిగి వదులైన పండ్లకు ఆ గారే అంటుకుని ఉంటుంది కాబట్టి, తీశాక ఆ వదులు తెలుస్తుంది, అంతే. పై పన్ను పీకితే చూపు పోతుందన్నది పట్టించుకోకండి, పంటి నరం వేరు, చూపు నరం వేరు.

7. బయటికొచ్చాక

పన్ను పీకించుకుంటే దూది అర్ధగంట పైనే గట్టిగా కరిచి పట్టుకోండి. ఆ రోజంతా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో తాగొద్దు, బీడీ సిగరెట్టు ముట్టొద్దు. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడితే రెండు మూడు రోజులకు అసలు నొప్పి మొదలవుతుంది. చల్లటి పెరుగన్నం తినండి, ఉల్లికారం దోశ ఎక్కడికీ పోదు. ఉప్పునీళ్ల పుక్కిలింత మరుసటి రోజు నుంచి.

ఇంకో తేదీ అక్కడే, కౌంటరు దగ్గరే రాయించుకోండి. ‘ఇంటికి పోయి ఫోన్ చేస్తా’ అంటే చేయరు, నేనే సాక్ష్యం.

మత్తు దిగేదాకా, అంటే రెండు మూడు గంటలు, కొందరికి ఇంకా ఎక్కువే, వేడివి తాగొద్దు, ఏదీ నమలొద్దు, తెలియకుండానే బుగ్గ కొరుక్కుంటారు. మొదటి ఫిల్లింగు రోజు బతికి బయటపడ్డానన్న సంబరంలో కడప ఏడురోడ్ల కూడలి దగ్గర ఆగి టీ చెప్పాను. సగం నోట్లోకి పోయింది, సగం చీర మీదికి పోయింది. టీ అంగడాయన అడక్కుండానే ఒక పేపరు ముక్క అందించి, ‘పండ్ల ఆసుపత్రి నుంచేనా?’ అన్నాడు.