విద్యుత్ వాహనాలు చమురును ఎంతమేరకు తప్పిస్తాయి: లెక్క వేసుకునే పద్ధతి

విద్యుత్ కార్ల అమ్మకాలు పెరిగాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ చమురు పని అయిపోయిందని ఒక వర్గం, అది ఎన్నటికీ జరగదని మరొక వర్గం వాదిస్తూనే ఉంటాయి. వీరిలో ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి నిపుణులు కానవసరం లేదు. ఒక వాహనం ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకు ఎంత మైలేజీ ఇస్తుంది, విద్యుత్ వాహనం వచ్చి ఏ వాహనాన్ని పక్కకు నెట్టింది అన్న మూడు సంగతులు తెలిస్తే కాగితం మీద ఎవరైనా వేయగల లెక్క ఇది. భారతదేశాన్ని ఉదాహరణగా తీసుకుని దాన్ని ఎలా వేయాలో చూద్దాం.

మొదట చేయవలసిన పని చమురును పద్దులుగా విడదీయడం. 2023-24లో మన దేశం సుమారు 23.3 కోట్ల టన్నుల పెట్రోలియం ఉత్పత్తులను వాడింది. అందులో డీజిల్ దాదాపు 9 కోట్ల టన్నులు కాగా పెట్రోలు 3.7 కోట్ల టన్నులే. మిగిలినదంతా వంటగ్యాస్, విమాన ఇంధనం, ప్లాస్టిక్ వంటివాటి తయారీకి ముడిసరుకైన నాఫ్తా, తారు వంటి వాటి కింద పోయింది. అంటే దేశంలో పెట్రోలుతో నడిచే వాహనం ఒక్కటి కూడా లేకుండా పోయినా, మొత్తం వాడకంలో తగ్గేది ఆరో వంతుకు లోపే. కార్ల గురించి ఎంత ఉత్సాహంగా మాట్లాడుకున్నా అసలు బరువంతా డీజిల్ వైపే ఉందని ఈ ఒక్క అంకె చెబుతుంది.

తర్వాత ఒక కారును కొలమానంగా పెట్టుకోవాలి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, అది తాగేది 800 లీటర్లు. ఒక బ్యారెల్‌కు 159 లీటర్లు కాబట్టి ఇది సుమారు ఐదు బ్యారెళ్లు. ఇటువంటి కార్లు పది లక్షలు పెట్రోలు మాని విద్యుత్తుకు మారితే ఏడాదికి మిగిలేది 50 లక్షల బ్యారెళ్లు. వినడానికి పెద్ద మొత్తమే గాని, మన దేశం ఒక్క రోజులో వాడే చమురు దాదాపు 55 లక్షల బ్యారెళ్లు. పది లక్షల కార్లు ఏడాది పొడవునా చేసిన పొదుపు దేశానికి ఒక రోజు ఖర్చుకు కూడా చాలదన్నమాట. మీ కారు మైలేజీ వేరైతే ఆ అంకెలే వేసుకోండి. ఫలితం కొంత అటూ ఇటూ అవుతుందే తప్ప తలకిందులు కాదు.

ఇప్పుడు ఇదే కొలమానంతో మిగిలిన వాహనాలను కొలవాలి. ఈ లెక్కలో ఆసక్తికరమైన భాగం ఇదే. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే స్కూటరుకు 160 లీటర్లు చాలు, అంటే కారులో ఐదో వంతు. రోజుకు వంద కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే పెట్రోలు ఆటో, లీటరుకు 25 కిలోమీటర్ల లెక్కన 1,200 లీటర్లు తాగుతుంది, ఇది ఒకటిన్నర కార్లతో సమానం. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే సిటీ బస్సు, లీటరుకు ఐదు కిలోమీటర్లే అనుకున్నా, అదే 300 రోజుల్లో 12,000 లీటర్ల డీజిల్ వాడుతుంది. అది 15 కార్లకు సమానం. ఏడాదికి 80,000 కిలోమీటర్లు తిరిగే దూరప్రాంతపు లారీ, లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 20,000 లీటర్లు వాడి 25 కార్లతో సమానమవుతుంది.

ఈ పట్టిక చేతిలో ఉంటే వార్తలు వేరుగా కనబడతాయి. 2024-25లో దేశంలో విద్యుత్ కార్లు సుమారు లక్ష అమ్ముడైతే, విద్యుత్ ద్విచక్ర వాహనాలు 11 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కార్ల వల్ల ఏడాదికి తగ్గేది 8 కోట్ల లీటర్లయితే స్కూటర్ల వల్ల తగ్గేది 17 కోట్ల లీటర్లకు పైమాటే. దేశంలో పెట్రోలులో దాదాపు 61 శాతం ద్విచక్ర వాహనాలకే పోతోందని కేంద్ర పెట్రోలియం శాఖ కోసం నీల్సన్ సంస్థ జరిపిన 2013 నాటి సర్వే తేల్చింది. కాబట్టి మన దగ్గర పెట్రోలు భవిష్యత్తును నిర్ణయించేది షోరూములో మెరిసే కారు కాదు, వీధి చివర నిలిపి ఉంచిన స్కూటరే. అదేవిధంగా విద్యుత్ వాహనాలకు కేంద్రం రాయితీలిచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2025లో హైదరాబాద్‌కు కేటాయించిన 2,000 విద్యుత్ బస్సులు పూర్తిగా రోడ్డెక్కి, అన్నే డీజిల్ బస్సులను తప్పిస్తే, ఆ ఫలితం 30,000 కార్లు మారిన దానితో సమానం.

"తప్పిస్తే" అన్న మాటను తేలికగా తీసుకోకూడదు. కొత్త వాహనం దేని స్థానంలోకి వచ్చిందో చూడకుండా లీటర్లు లెక్కగట్టడం ఈ విషయంలో అందరూ చేసే పొరపాటు. ఉత్తరాది పట్టణాల్లో తిరిగే ఈ-రిక్షాల్లో చాలా భాగం తొక్కుడు రిక్షాల చోటును ఆక్రమించినవే. వాటివల్ల రిక్షా లాగే మనిషికి శ్రమ తగ్గింది, అది గొప్ప సంగతే. చమురు మాత్రం అంతగా తగ్గలేదు. ఇంట్లో పాత కారును ఉంచుకుని రెండో కారుగా విద్యుత్ కారు కొన్నవారి విషయంలోనూ, పాత కారు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తక్కువ తిరిగిందో అదే అసలు పొదుపు. పెట్రోలు తగ్గిన ప్రతి లీటరునూ విద్యుత్ ఖాతాలో వేయడం కూడా తప్పే. కొత్త కార్లలో దాదాపు ఐదో వంతు సీఎన్‌జీవి, పైగా బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాలే.

తరువాతి మెట్టు కాలాన్ని లెక్కలోకి తేవడం. కొత్త అమ్మకాలు చెరువులోకి వచ్చే వాగు వంటివి. రోడ్ల మీద ఉన్న వాహనాలు చెరువులో నిలిచిన నీరు. వాగు రంగు మారిన రోజునే చెరువు రంగు మారదు. ఇందుకు నార్వే మంచి సాక్ష్యం. ఆ దేశం 1990 దశకం నుంచే విద్యుత్ కార్లకు పన్ను రాయితీలు ఇస్తూ వచ్చింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తి విద్యుత్‌వే. అయినా రోడ్ల మీద ఉన్న విద్యుత్ కార్ల సంఖ్య పెట్రోలు కార్ల సంఖ్యను దాటింది 2024 సెప్టెంబరులోనే, అది కూడా కొద్ది వందల తేడాతో; అప్పటికి డీజిల్ కార్లు ఆ రెండింటికంటే ఎక్కువగానే ఉన్నాయి. (తన చమురును ఇతర దేశాలకు అమ్ముకుంటూ తన ఇంట మాత్రం జలవిద్యుత్తుతో కార్లు నడుపుకుంటున్న ఆ దేశపు లౌక్యాన్ని మెచ్చుకోవచ్చు.) మన దగ్గర కారు సగటున 15 ఏళ్లు తిరుగుతుందనుకుంటే, ఈ రోజు నుంచి అమ్మేవన్నీ విద్యుత్ కార్లే అయినా పాతవి పోవడానికి 15 ఏళ్లు పడుతుంది. రాయితీలు ఆగితే ఏమవుతుందో కూడా గుర్తుంచుకోవాలి: జర్మనీ 2023 డిసెంబరులో రాయితీని హఠాత్తుగా ఆపేయగా, మరుసటి ఏడాది అక్కడ విద్యుత్ కార్ల అమ్మకాలు పాతిక శాతానికి పైగా పడిపోయాయి.

"అంత కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది" అన్న ప్రశ్నకు జవాబు తేలికే. విద్యుత్ కారు ఒక యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి 12,000 కిలోమీటర్లకు సుమారు 2,000 యూనిట్లు చాలు. కోటి కార్లకు 2,000 కోట్ల యూనిట్లు. దేశంలో ఏడాదికి తయారయ్యే విద్యుత్ దాదాపు 1.8 లక్షల కోట్ల యూనిట్లు. అంటే కోటి కార్లకు కావలసింది అందులో ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అందరూ సాయంత్రం ఇంటికి రాగానే ఒకేసారి ప్లగ్గు పెడితే మాత్రం వీధి ట్రాన్స్‌ఫార్మరుకు ఇబ్బందే. ఇక ఆ కరెంటులో అధిక భాగం బొగ్గుదే కదా అన్న అభ్యంతరం కాలుష్యానికి సంబంధించినది. మన దేశంలో చమురుతో తయారయ్యే విద్యుత్తు నామమాత్రం గనుక చమురు లెక్కకు దానితో పనిలేదు. ఈ రెండు ప్రశ్నలనూ కలగలిపే వాదనలను పక్కన పెట్టండి.

చివరగా చూడవలసింది శుద్ధి కర్మాగారం. విశాఖపట్నంలోని హెచ్‌పీసీఎల్ కర్మాగారంలోనైనా మరెక్కడైనా ముడిచమురు నుంచి పెట్రోలు ఒక్కటే తీయడం కుదరదు. డీజిల్, విమాన ఇంధనం, నాఫ్తా, తారు అన్నీ పాళ్లలో వస్తాయి. ఆ పాళ్లను కొంత మార్చవచ్చు గాని ఒకదాన్ని పూర్తిగా మానుకోలేరు. పందొమ్మిదో శతాబ్దం చివర చమురు వ్యాపారానికి ప్రాణం దీపాల కిరోసిన్, పెట్రోలుకు పెద్దగా గిరాకీ లేదు. కరెంటు దీపాలు కిరోసిన్‌ను తప్పించినా, కార్లు రావడంతో చమురు వాడకం ఇంకా పెరిగింది. మన రైల్వేలు బ్రాడ్‌గేజ్ మార్గాలను దాదాపు పూర్తిగా విద్యుదీకరించాయి, అయినా దేశంలో డీజిల్ వాడకం తగ్గలేదు. లారీలు, ట్రాక్టర్లు, జేసీబీలు పెరిగాయి. నా అంచనా ప్రకారం నగరాల్లో స్కూటరు, ఆటో, బస్సు ముందుగా చమురును వదిలిపెడతాయి. ఓడరేవు నుంచి గోదాముకు, గని నుంచి ఫ్యాక్టరీకి ఒకే దారిలో తిరిగే లారీలు ఆ తర్వాత మారతాయి. దూరప్రాంతపు లారీలకు చాలా కాలం పడుతుంది, విమానాల సంగతి ఇప్పట్లో మాట్లాడుకోనవసరం లేదు.

ఈ అంచనా సరైనదో కాదో మీరే ఏటా సరిచూసుకోవచ్చు. కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో వాహన రిజిస్ట్రేషన్లు ఇంధనాల వారీగా, రాష్ట్రాల వారీగా దొరుకుతాయి. తెలంగాణ మాత్రం చాలా కాలం అందులో చేరలేదు కాబట్టి పాత సంవత్సరాల జాతీయ మొత్తాలను జాగ్రత్తగా చదవాలి. పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్ నెలనెలా పెట్రోలు, డీజిల్ వాడకాన్ని ప్రకటిస్తుంది. మొదటిదానిలోంచి స్కూటర్లు, ఆటోలు, బస్సులు, లారీల అంకెలు విడివిడిగా తీసి పైన చెప్పిన లీటర్లతో హెచ్చవేసి, వచ్చిన మొత్తాన్ని రెండవదాని పక్కన పెట్టండి. ఏ ఒక్క నెలనో పట్టుకుని తీర్పు చెప్పకండి, ఎందుకంటే వానాకాలంలో పనులు, ప్రయాణాలు మందగించి డీజిల్ వాడకం ఎలాగూ తగ్గుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు పూర్తి ఏడాదిని అంతకుముందు ఏడాదితోనే పోల్చాలి.