మిల్లులో దెబ్బ తగిలిన కేసు హైకోర్టుకి వెళ్తే ఏం చూస్తారు, మనం ఏం సిద్ధం చేసుకోవాలి

"కమిషనర్ దగ్గర తక్కువ వచ్చినా ఫర్వాలేదు, హైకోర్టుకెళ్తే మళ్లీ మొదట్నుంచీ చూస్తారు." భీమవరం, తణుకు, అమలాపురం వైపు పనిలో దెబ్బ తగిలిన కూలీ ఇంటికి వెళ్తే ఈ మాట చాలాసార్లు వినిపిస్తుంది. దయచేసి దీన్ని నమ్మకండి. హైకోర్టు మళ్లీ మొదట్నుంచీ చూడదు, సాక్షుల్ని పిలవదు, డాక్టర్ని అడగదు. కమిషనర్ దగ్గర ఫైల్లో ఏం పడిందో దాన్ని బట్టే అప్పీలు తేలుతుంది. కాబట్టి అప్పీలుకి సిద్ధం కావడం అనేది ఆర్డరు వచ్చాక కాదు, ప్రమాదం జరిగిన రోజే మొదలవ్వాలి.

ముందు చట్టం సంగతి. 1923లో వచ్చిన వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టాన్నే 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అన్నాం. 2025 నవంబరు 21కి ముందు జరిగిన ప్రమాదాలకి ఇదే, ఆ తర్వాతి వాటి సంగతి చివర్లో చెబుతాను. మన దగ్గర కార్మిక శాఖ డిప్యూటీ కమిషనరో, అసిస్టెంట్ కమిషనరో ఈ చట్టం కింద కమిషనర్‌గా కూర్చుని కేసు వింటారు. ఈ చట్టం కింద వచ్చే పరిహారానికి సివిల్ కోర్టుకి వెళ్లే దారి లేదు. కమిషనర్ ఆర్డరు నచ్చకపోతే 30వ సెక్షన్ కింద నేరుగా అమరావతిలోని హైకోర్టుకే. కానీ ఆ సెక్షన్‌లోనే ఒక గట్టి షరతు ఉంది: కేసులో ముఖ్యమైన లా పాయింటు ఉంటేనే అప్పీలు వింటారు. 2016లో కర్ణాటక నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది, జరిగిన విషయాల మీద చివరి మాట కమిషనర్‌దే, హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేయకూడదు అని.

లా పాయింటు అంటే ఏంటో చాలామందికి టెన్షన్. ఒక ఉదాహరణతో చెబుతాను. రైస్ మిల్లులో ఎలివేటరు బెల్టులో కుర్రాడి చెయ్యి పడింది అనుకోండి. డాక్టరు సంపాదన శక్తి 45 శాతం పోయిందన్నాడు, కమిషనర్ 40 శాతం అని తేల్చి ఎందుకో కారణం రాశాడు. "45 ఇవ్వాల్సింది" అని అప్పీలు వేస్తే అది దాదాపు నిలబడదు, ఎందుకంటే అది సాక్ష్యాన్ని ఎలా చూశాడన్న ప్రశ్న. అదే కమిషనర్ డాక్టరు మాటే ఎత్తకుండా, కారణం రాయకుండా 15 శాతం అని రాస్తే? ఫైల్లో ఉన్న ముఖ్యమైన సాక్ష్యాన్ని వదిలేశాడు, ఆధారం లేకుండా తేల్చాడు, ఇది లా పాయింటే. వయసుకి చట్టం పట్టికలో ఉన్న ఫ్యాక్టర్ (పరిహారం లెక్కలో హెచ్చవేసే అంకె) కాకుండా వేరేది వేశాడు, వడ్డీ తప్పు తేదీ నుంచి ఇచ్చాడు, మేస్త్రీ పెట్టిన కూలీ కాబట్టి మిల్లు యజమానికి సంబంధం లేదన్నాడు, ఇవన్నీ కూడా హైకోర్టు చేయి పెట్టగలిగిన తప్పులే. ముఖ్యంగా ఆ మేస్త్రీ మాట గుర్తుపెట్టుకోండి. యజమాని తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకి అప్పజెప్పి చేయించుకున్నా కూలీకి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత ఆయన మీద ఉంటుందని 12వ సెక్షన్ చెబుతోంది. ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం ఆయన గొడవ.

ఆర్డరు చేతికి రాగానే అందరూ ఎంత వచ్చిందో చూస్తారు. మీరు చివరి పేజీ చూడండి. అక్కడ సాక్షుల పేర్లు, మార్కు చేసిన కాగితాల జాబితా ఉంటుంది. మనవి ఏ-1, ఏ-2 అని, అవతలివాళ్లవి బి-1, బి-2 అని. ఆ జాబితా పక్కన పెట్టుకుని ఆర్డరు లోపలి పేజీలు చదవండి, ఒక్కో కాగితం గురించి కమిషనర్ ఎక్కడైనా మాట్లాడాడా లేదా అని పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ. టిక్కు పడని కాగితం దగ్గరే మీ అప్పీలు ఉండొచ్చు. అలాగే మీరు ఇంట్లో పదిలంగా దాచుకున్న కాగితం ఆ జాబితాలో లేకపోతే, హైకోర్టు దృష్టిలో అది లేనట్టే. అప్పీల్లో కొత్త కాగితం పెట్టనివ్వడం చాలా అరుదు, అప్పుడు ఎందుకు పెట్టలేదో బలమైన కారణం చూపించాలి.

ఆ కాగితాల్లో నేను అన్నిటికన్నా ముందు అడిగేది మొదటి ఆసుపత్రిలో రాసినది. దెబ్బ తగలగానే 108లోనో, యజమాని కారులోనో తీసుకెళ్తారు. డ్యూటీ డాక్టరు "ఎలా తగిలింది" అని అడుగుతాడు. పక్కనున్న గుమస్తా "బైక్ మీంచి పడ్డాడండి" అంటాడు, పోలీసు కేసు కాకుండా, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు దాకా పోకుండా. కూలీ నొప్పితో ఉంటాడు, వాళ్లావిడ భయంతో ఉంటుంది, ఖర్చంతా ఓనరుగారే పెడుతున్నారు కదా అని ఎవరూ కాదనరు. ఆ ఒక్క వాక్యం కేసు షీట్లో పడుతుంది, వూండ్ సర్టిఫికెట్‌లోకి (గాయాల గురించి డాక్టరు ఇచ్చే కాగితం) ఎక్కుతుంది, రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు దాన్నే బి-1గా మార్కు చేయిస్తాడు. కమిషనర్ దాన్ని నమ్మి కేసు కొట్టేస్తే హైకోర్టులో తిప్పడం చాలా కష్టం, ఎందుకంటే ఆధారం ఉన్న నిర్ణయం అది. అందుకే ఆ రోజే ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు డాక్టరుతో "మిల్లులో బెల్టులో చెయ్యి పడిందండి" అని చెప్పాలి, అలాగే రాశారో లేదో చూడాలి. తప్పు రాసేసి ఉంటే అప్పటికప్పుడే కలిసి పనిచేసిన వాళ్ల చేత చెప్పించి, పోలీసులకీ యజమానికీ రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. క్లెయిమ్ వేయడానికి ప్రమాదం నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది కానీ ఈ పని రెండేళ్లు ఆగేది కాదు.

తర్వాత జీతం. మన మిల్లుల్లో, రొయ్యల ప్లాంట్లలో, ఇటుక బట్టీల్లో జీతం చీటీ ఇచ్చేవాళ్లు తక్కువ. అవతలివాళ్లు తక్కువ జీతం చెప్తారు, దాంతో ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూపిస్తాను. శాశ్వత వైకల్యానికి లెక్క ఇలా ఉంటుంది: నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసుని బట్టి ఉండే ఫ్యాక్టర్‌తో హెచ్చవేసి, సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో అంత తీసుకోవాలి. ముప్పై ఏళ్ల వాడికి ఫ్యాక్టర్ 207.98. జీతం 12,000, నష్టం 40 శాతం అయితే 5,98,982 రూపాయలు వస్తుంది. అదే జీతం 8,000 అని రాస్తే 3,99,321. రెండు లక్షలు పోయినట్టే, ఒక్క కాగితం లేక. జీతం ఎంతున్నా లెక్కకి తీసుకునేది 15,000 వరకే, అది 2020 జనవరి 3 నుంచి ఉన్న పరిమితి, అంతకు ముందు 8,000. ప్రమాదం ఏ తేదీన జరిగిందో ఆ రోజు ఉన్న పరిమితే వర్తిస్తుంది. మనిషి చనిపోతే 60 బదులు 50 శాతంతో లెక్క.

జీతానికి రుజువు ఏం పెట్టాలి అంటే ఏది దొరికితే అది. ఫోన్‌పేలో వారం వారం పడిన డబ్బుల వివరం, బ్యాంకు స్టేట్‌మెంటు, మేస్త్రీ జేబు పుస్తకంలో హాజరు రాసిన పేజీ, పక్కన పనిచేసే ఇద్దరి సాక్ష్యం. కూడా పనిచేసేవాళ్లు యజమానికి భయపడి రారు, నిజమే. పని మానేసిన వాళ్లని, వేరే మిల్లుకి మారినవాళ్లని అడగండి, వాళ్లు వస్తారు.

వైకల్యం దగ్గర చాలామంది సదరం సర్టిఫికెట్ పెట్టి ఊరుకుంటారు. అది సరిపోదు. శరీరంలో ఎంత శాతం పోయిందన్నది ఒకటి, ఆ మనిషి చేసే పని ఎంత పోయిందన్నది వేరొకటి, ఈ చట్టం చూసేది రెండో దాన్ని. కొన్ని దెబ్బలకి చట్టంలోనే షెడ్యూల్ ఉంది, చేతి బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం అని. కానీ 1976 నాటి ఒక తీర్పులో ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసేసిన వడ్రంగి విషయంలో, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నూటికి నూరు శాతం పోయినట్టేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పై లెక్కలో కుర్రాడికి 40 బదులు 100 పడితే 14,97,456 అవుతుంది. అందుకని డాక్టరు కమిషనర్ ముందుకి వచ్చి, "ఇతను ఇక బస్తా ఎత్తలేడు, నిచ్చెన ఎక్కలేడు, ఈ పని చేయలేడు" అని తన నోటితో చెప్పేలా చూసుకోండి. ఆ మాట ఫైల్లో ఉంటే, కమిషనర్ దాన్ని పట్టించుకోకపోతే, అదే మీ లా పాయింటు. వడ్డీ విషయం కూడా ఆ 1976 తీర్పు నుంచే వచ్చింది: పరిహారం బాకీ పడేది ఆర్డరు రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా పెనాల్టీ. వడ్డీ మామూలుగా ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది, పాలసీలో ఏం రాసుందో చూడాలి, పెనాల్టీ మాత్రం యజమాని జేబులోంచే.

ప్రమాదానికీ పనికీ సంబంధం ఉందా లేదా అన్నదాని మీద కూడా బోలెడు అప్పీళ్లు నడుస్తాయి. ఇక్కడ మన కాలవల ప్రాంతానికి బాగా పనికొచ్చే తీర్పు ఒకటి 2020లో వచ్చింది. జూన్ ఎండలో లారీ తోలుతున్న డ్రైవరు నీళ్ల కోసం, స్నానం కోసం కాలవలోకి దిగి జారిపడి చనిపోయాడు. అది తన సొంత పని, డ్యూటీ కాదు అని హైకోర్టు పరిహారం తీసేస్తే, అంత ఎండలో బండి నడిపేవాడికి నీళ్లు అవసరమే, ఇది పనిలో భాగమేనని సుప్రీంకోర్టు తిరిగి ఇప్పించింది. 2025 జులైలో మరో తీర్పు వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ తెల్లవారుజాము మూడు గంటల షిఫ్టుకి బైక్ మీద వెళ్తూ దారిలో చనిపోయాడు. పనికి వెళ్లే దారికీ, వేళకీ, ఉద్యోగానికీ సంబంధం ఉంటే దారిలో జరిగిన ప్రమాదం కూడా ఈ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలాకి వెళ్లేవాళ్లకి, నాలుగు గంటలకే ప్లాంటు బస్సు ఎక్కే ఆడవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

ఇక గడువు. ఆర్డరు నాటి నుంచి 60 రోజులు. సర్టిఫైడ్ కాపీ కోసం వెంటనే దరఖాస్తు పెట్టండి, కాపీ తయారవ్వడానికి పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు. ఆలస్యమైతే కారణం చూపి క్షమించమని అడగొచ్చు, ఆసుపత్రి కాగితాల్లాంటివి జతచేసి. వివాదంలో ఉన్న మొత్తం కనీసం 10,000 ఉండాలి. అప్పీలు కాగితంలో లా పాయింటు ఏంటో విడిగా, సూటిగా రాయమని ప్లీడరు గారిని అడగండి. "ఆర్డరు అన్యాయం" అని రాసినంత మాత్రాన అది లా పాయింటు అయిపోదు. "ఏ-4 డాక్టరు సర్టిఫికెట్‌ని, డాక్టరు సాక్ష్యాన్ని పరిగణనలోకి తీసుకోకుండా వైకల్యం తేల్చడం చట్టబద్ధమేనా" అని రాస్తే అది ప్రశ్న.

అప్పీలు వేసింది యజమాని అయితే మనకి ఒక రక్షణ ఉంది. ఆర్డరు ప్రకారం కట్టాల్సిన మొత్తం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేసినట్టు సర్టిఫికెట్ జతచేయనిదే ఆయన అప్పీలు నడవదు. కాబట్టి హైకోర్టు నోటీసు రాగానే భయపడకుండా, ఆ సర్టిఫికెట్ ఉందో లేదో ముందు చూడమనండి. స్టే లేకపోతే డిపాజిట్ అయిన డబ్బు ఇప్పించమని కమిషనర్‌ని అడగండి. స్టే ఉంటే కొంత భాగమైనా తీసుకోనివ్వమని హైకోర్టులోనే దరఖాస్తు వేయించండి. నోటీసు తీసుకుని ఇంట్లో పెట్టేసుకుంటే మన మాట లేకుండానే కేసు తేలిపోతుంది.

రాజీల గురించి గట్టిగా చెప్పాలి. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, రెండు లక్షలు ఇప్పించి, కాగితం రాయించుకుని సంతకం పెట్టించే పద్ధతి మన దగ్గర బాగా ఉంది. మనిషి చనిపోయిన కేసులో పరిహారం కమిషనర్ దగ్గరే జమ చేయాలి, ఇంటికి తెచ్చి ఇచ్చింది చట్టం లెక్కలో పరిహారం చెల్లించినట్టు కాదు. బతికున్నవాళ్ల విషయంలో కూడా హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం చెల్లదు. కానీ అదే రాజీ కమిషనర్ ముందు ఒప్పుకుని, దాని ప్రకారం ఆర్డరు వేయించుకుంటే మాత్రం దాని మీద అప్పీలు లేదు. అక్కడ సంతకం పెట్టే ముందు పైన చెప్పిన లెక్క ఒకసారి వేసుకోండి.

మీ జీతంలో ఈఎస్ఐ కోస్తుంటే ఈ దారి మీది కాదు. ఈఎస్ఐ కింద మెడికల్ బోర్డు, ఆపైన మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్ లేదా ఈఐ కోర్టు (ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టు), అక్కణ్నుంచి హైకోర్టు, అది వేరే వరస. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత జరిగిన ప్రమాదాలకి దాని ప్రకారం నడుస్తుంది. కమిషనర్ బదులు కాంపిటెంట్ అథారిటీ అంటారు, ఇంటికీ పని చోటుకీ మధ్య దారిలో జరిగే ప్రమాదం సంగతి అందులో నేరుగానే రాశారు. హైకోర్టుకి అప్పీలు, లా పాయింటు, 60 రోజులు, ఇవి అలాగే ఉన్నాయి.

డబ్బు లేక అప్పీలు మానేయకండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. హైకోర్టుకి లీగల్ సర్వీసెస్ కమిటీ విడిగా ఉంది, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చినా అటు పంపుతారు. 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. వెళ్లేటప్పుడు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, టిక్కులు పెట్టుకున్న ఆ చివరి పేజీ, ఆసుపత్రి మొదటి కాగితం, ఆధార్, ఇవి పట్టుకెళ్లండి.